కారు ఎత్తు తగ్గించిన పిమ్మట చక్రముల అమరిక

మోటారు కారు చక్రము నేలపై నిలుచు తీరు మిక్కిలి సూక్ష్మమైనది. చూచువారికి నాలుగు చక్రములును నిటారుగా, ఒకదానికొకటి సమాంతరముగా నున్నట్లే తోచును. కాని కారును నిర్మించినవారు ఆ చక్రములను లెక్కకట్టి కొంచెము వాల్చియు, కొంచెము త్రిప్పియు అమర్చియుందురు. చూపునకు అందని ఆ స్వల్పమైన కోణములమీదనే టైరు మన్నిక, స్టీరింగు నిలుకడ, బ్రేకు వేసినపుడు బండి తిన్నగా ఆగుట, వానలో మలుపు తిరుగునప్పుడు చక్రము పట్టు తప్పకుండుట ఆధారపడియున్నవి.

ఈ కోణములు కారు ఒక నియతమైన ఎత్తున నిలిచియున్నపుడు మాత్రమే సరిగా నుండును. ఎత్తు మారినచో అవియును మారును. నేడు పెద్ద నగరములందే గాక చిన్న పట్టణములందును కొందరు యువకులు కారు కొన్న కొలది దినములకే దాని స్ప్రింగులు మార్పించియో, కోయించియో బండిని అంగుళమో, రెండంగుళములో క్రిందికి దింపించుకొనుచున్నారు. నేలకు అతుక్కొని పోవుచున్నట్లుండు ఆ రూపము వారి కంటికి ఇంపైనది. ఆ ఇంపు వెనుక చక్రములకు కలుగు మార్పు ఏమిటి, దానిలో సరిచేయదగినది ఎంత, సరిచేయరానిది ఎంత యను విషయమును ఈ ప్రసంగమున వివరింప దలచితిమి.

హుస్నాబాదును ఉదాహరణగా గైకొందము. 2016 నాటి జిల్లాల పునర్విభజనలో కరీంనగరము జిల్లానుండి సిద్దిపేట జిల్లాకు మారిన పట్టణమిది. కరీంనగరమునకు, సిద్దిపేటకు, హనుమకొండకు ఇచటినుండి రోడ్లు పోవుచున్నవి. కారు గల కుటుంబము వైద్యమునకో, పిల్లల చదువునకో, పెండ్లికో ఈ దారులలో ఏదో యొక దానిపై తరచుగా పోవలసియే యుండును. ప్రతి ఊరి మొగలోను వేగ నిరోధకపు మిట్టలు, కోతల కాలమున రోడ్డు ప్రక్కన ఆరబోసిన ధాన్యము, పొలమునుండి వచ్చు ట్రాక్టరు విడిచిన మట్టి, వానకాలమున గుంతలు. ఇట్టి దారిపై కుటుంబమును తీసికొని పోవు బండికి చక్రముల అమరిక తప్పినచో కలుగు నష్టము టైరు ఖరీదుతో ముగియదు.

మొదట పాత బండ్ల సంగతి చూతము. 1932లో నిజాము రాష్ట్రపు రైల్వే సంస్థ 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించినది. ఆ కాలపు బస్సులకు ముందు చక్రములు రెండును ఒకే ఉక్కు ఇరుసునకు రెండు కొనల నుండెడివి. ఆ ఇరుసు పట్టీ స్ప్రింగులపై నిలిచెడిది. నేటికిని పెద్ద లారీలలో పెక్కింటికి ఇదియే పద్ధతి. ఇట్టి బండిని నాలుగంగుళములు దింపినను, పైకి ఎత్తినను చక్రముల వాలు ఇంచుమించు మారదు. ఏలయన, రెండు చక్రములకును వాలు నిచ్చునది ఒకే కడ్డీ. స్ప్రింగు వంగినను ఆ కడ్డీ వంగదు. కాని ఒక చక్రము గుంతలో పడినపుడు రెండవ చక్రమును దానితోపాటు ఒరుగును. ప్రయాణికునకు ఎదురగు కుదుపులో కొంత దీనివలననే కలుగును.

ఈ కుదుపును తగ్గించుటకై చక్రములను దేనికది విడిగా కదలనిచ్చు పద్ధతి వచ్చినది. దానిలో నేడు చిన్నకార్లయందు మిక్కిలి వాడుకలో నున్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్టు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అను అమెరికా ఇంజనీరు పేర ఇది ప్రసిద్ధమైనది. 1940వ దశాబ్దము చివర ఫోర్డు సంస్థ యూరపులో నిర్మించిన కార్లతో ఇది వ్యాప్తికి వచ్చెను. మన దేశమున 1983 డిసెంబరులో విడుదలైన మారుతి 800 కారు ముందు చక్రములకు ఈ పద్ధతియే. దీనిలో స్ప్రింగును, షాక్ అబ్సార్బరును ఒకే నిలువు స్తంభముగా కూర్చియుందురు. స్తంభపు పై కొన బానెట్టు క్రిందనున్న రేకునకు బిగింపబడియుండును. క్రింది కొనను ఒక అడ్డబాహువు పట్టుకొనియుండును. మెకానిక్కులు దీనిని లోయరు ఆర్ము అందురు. చక్రము పైకి లేచినను, క్రిందికి దిగినను ఈ బాహువు లోపలికొనను ఇరుసుగా చేసికొని ఒక వంపులో కదలును.

ఈ కదలికను ఏతాముతో పోల్చి చూడవచ్చును. ఏతపు మ్రాను అడ్డముగా నున్నపుడు దాని కొన నడిమి స్తంభమునకు మిక్కిలి దూరముగా నుండును. కొన పైకి లేచినను, క్రిందికి దిగినను స్తంభమునకు దగ్గరగా జరుగును. కారు బాహువును అట్టిదే. తయారైన స్థితిలో బాహువు సాధారణముగా వెలుపలి కొన కొంచెము క్రిందికి వాలియుండును. కారును దింపినపుడు బాహువు అడ్డముగా వచ్చును. అనగా దాని కొన వెలుపలికి నెట్టబడును. చక్రము అడుగుభాగము వెలుపలికి పోవును, పైభాగము లోపలికి ఒరుగును. ముందునుండి చూచువానికి చక్రములు రెండును పైన దగ్గరగా, క్రింద ఎడముగా నిలిచి, కాళ్లు చాచి నిలుచున్న దూడవలె కనిపించును.

ఈ ఒరుగునకు కాంబరు అని పేరు. చక్రపు పైభాగము లోపలికి వాలినచో ఋణ కాంబరు, వెలుపలికి వాలినచో ధన కాంబరు. నలుబది మిల్లీమీటర్లు దింపినపుడు కారు నిర్మాణమును బట్టి అర డిగ్రీ మొదలు ఒకటిన్నర డిగ్రీ వరకు కాంబరు మారవచ్చును. కొంచెము ఋణ కాంబరు మలుపులలో మేలే చేయును. మలుపులో బండి వెలుపలికి ఒరుగును గనుక, ముందే లోపలికి వాలియున్న చక్రము అప్పుడు నేలపై నిండుగా ఆనును. పందెపు కార్లకు రెండు మూడు డిగ్రీల ఋణ కాంబరు పెట్టుట ఇందులకే. కాని ఇంటి కారు తన ఆయుష్షులో అధికభాగము తిన్నని రోడ్డుపైననే నడచును. అప్పుడు బరువంతయు టైరు లోపలి అంచుపై పడి ఆ అంచు ముందుగా అరిగిపోవును.

రెండవ కోణము టో. పైనుండి చూచినపుడు ముందు చక్రముల మొనలు ఒకదానివైపునకు ఒకటి తిరిగియున్నచో టో-ఇన్ అనియు, దూరముగా తిరిగియున్నచో టో-అవుట్ అనియు అందురు. మనిషి పాదములు లోపలికి తిరిగియుండుట, వెలుపలికి తిరిగియుండుట ఎట్టివో ఇవియు నట్టివే. కారును దింపినవారి టైర్లను త్వరగా తినివేయు దోషము కాంబరేయని పలువురి నమ్మకము. నిజమునకు పెద్ద దోషి టో. కాంబరు వలన చక్రము ఒక అంచుపై దొర్లును, అంతే. టో తప్పినచో చక్రము దొర్లవలసిన దిక్కు వేరు, పోవుచున్న దిక్కు వేరు. అందువలన రబ్బరు ప్రతి అడుగునను ప్రక్కకు రాచుకొనుచు పోవును.

దీనిని ఒక చిన్న లెక్కలో చూతము. ఒక చక్రము అర డిగ్రీ ప్రక్కకు తిరిగియున్నదనుకొందము. అది ఒక కిలోమీటరు నడచునప్పటికి సుమారు 8.7 మీటర్లు ప్రక్కకు ఈడ్వబడినదానితో సమానము. హుస్నాబాదునుండి కరీంనగరమునకు సుమారు 40 కిలోమీటర్లు. ఒకసారి పోవునప్పటికి ఆ టైరు 350 మీటర్లు ప్రక్కవాటుగా ఈడ్వబడినట్లు. రబ్బరు సాగి మరల సర్దుకొను గుణము గలది గనుక ఈ ఈడ్పంతయు అరుగుదల కాదు. అయినను వారమునకు రెండుసార్లు వచ్చి పోవు కారునకు ఈ లెక్క ఏడాదిలో ఎంతగా పెరుగునో పాఠకులే ఊహింపగలరు. అర డిగ్రీ తిరిగిన చక్రమును కంటితో చూచి గుర్తించుట మిక్కిలి కష్టము.

కారును దింపినచో టో మారుటకు కారణమును తెలిసికొనవలెను. స్టీరింగు పెట్టెనుండి చక్రమునకు పోవు సన్నని కడ్డీ యొకటి కలదు. దీనిని టై రాడ్ అందురు. చక్రమును త్రిప్పునది ఇదియే. అదియును క్రింది బాహువువలెనే తన లోపలి కొన చుట్టును వంపులో కదలును. ఈ రెండు వంపులును తయారీ ఎత్తు వద్ద చాలవరకు ఒకదానితో నొకటి పొసగునట్లు నిర్మాత ఏర్పరచును. కారును దింపినపుడు రెండును తమతమ వంపులలో వేరొక చోటికి జరుగును. అచట ఒకటి వెలుపలికి నెట్టునంత రెండవది నెట్టదు. ఆ భేదమే చక్రమును త్రిప్పివేయును. స్టీరింగు కడ్డీ ఇరుసునకు ముందున్న కార్లలో ఈ త్రిప్పు ఒక దిక్కునకు, వెనుక నున్న కార్లలో మరియొక దిక్కునకు ఉండును. అందువలన ఒక కారు విషయమున విన్న సలహా మరియొక కారునకు పనికిరాదు.

ఇందులో మరియొక చిక్కు కలదు. కారు నిలిచియున్నపుడు యంత్రముపై టో సరిచేసినను, నడచునప్పుడు చక్రము పైకి క్రిందికి ఆడుచునే యుండును. వంపులు పొసగని చోట ఆడు చక్రము, ప్రతి గుంతలోను, ప్రతి మిట్టపైనను తనంతట తాను కొంచెము తిరుగును. డ్రైవరు స్టీరింగును కదపకున్నను బండి ఇటునటు తడబడును. దీనిని ఇంగ్లీషున బంప్ స్టీరు అందురు. అలైన్‌మెంటు యంత్రము ఈ దోషమును చూపదు; ఏలయన అది నిలిచియున్న కారునే కొలుచును. టై రాడ్ కొనను ఎత్తు మార్చి అమర్చు ప్రత్యేక భాగములతో మాత్రమే ఇది తగ్గును. ఎక్కువగా దింపిన కారు “అలైన్‌మెంటు చేయించినను రోడ్డుపై నిలువకున్నది” అను ఫిర్యాదు వినవచ్చినచో, మొదట అనుమానింపవలసిన వానిలో ఇది యొకటి.

మూడవ కోణము కాస్టరు. దీనిని తెలిసికొనుటకు ఇంటిలోని సైకిలును చూచిన చాలును. హ్యాండిలునుండి చక్రమునకు దిగు ఫోర్కు నిటారుగా నుండక, పైభాగము వెనుకకు వాలియుండును. ఆ వాలు వలననే నడచుచున్న సైకిలు చక్రము తనంతట తాను తిన్నని దారికి వచ్చుటకు సాయము కలుగును. కారు స్ట్రట్టునకును అట్టి వాలు కలదు. మలుపు తిరిగిన పిమ్మట చేతిని వదలించిన స్టీరింగు మరల నడిమికి వచ్చుట చాలవరకు దీని చలవయే. కారును ముందును వెనుకను సమానముగా దింపినచో కాస్టరు అంతగా మారదు. ముందుభాగమును మాత్రమే దింపి ముక్కు వంచినట్లు చేసినచో కారు మొత్తము ముందుకు వాలును గనుక కాస్టరు తగ్గును. అధిక వేగమున స్టీరింగు తేలికై నిలుకడ తప్పును.

ఈ మూడు కోణములతో సంబంధించిన మరియొక విషయము చెప్పవలసియున్నది. దింపిన కారు మలుపులో తక్కువగా ఒరుగునని అందరును భావింతురు. బరువు నేలకు దగ్గరైనది గనుక ఆ తలంపు సహజమే. కాని కారు ఒరుగునపుడు ఒక ఊహా బిందువు చుట్టును ఒరుగును. ఆ బిందువు ఎక్కడ నుండునో క్రింది బాహువు వాలే నిర్ణయించును. బాహువు అడ్డపు స్థితిని దాటి వెలుపలి కొన పైకి లేచినంతగా దింపినచో, బరువు దిగిన దానికంటె ఆ బిందువు ఎక్కువగా దిగిపోవును. రెండింటి నడుమ ఎడము పెరుగును, ఒరిపించు బలమునకు పట్టు హెచ్చును. గట్టి స్ప్రింగులు ఈ దోషమును కొంత కప్పిపుచ్చును. కనుక కొంచెము దింపుట వేరు, బాహువులు పైకి తిరుగునంత దింపుట వేరు.

ఇక సరిచేయు విధానము. యంత్రముపైకి ఎక్కించుటకు ముందే చేయవలసిన పనులు కొన్ని కలవు. బాహువుల లోపలి కొనలయందు రబ్బరు బుష్షు లుండును. పాత ఎత్తున బిగించిన బుష్షు, కారు దిగినపుడు మెలిపడి నిలుచును, కొన్నాళ్లకు చిరుగును. కావున స్ప్రింగులు మార్చిన పిమ్మట ఆ బోల్టులను సడలించి, కారు తన బరువుతో చక్రములపై నిలిచియున్నపుడు మరల బిగింపవలెను. జాకీపై వ్రేలాడుచున్న స్థితిలో బిగించుట తప్పు. పిదప బాల్ జాయింట్లు, టై రాడ్ కొనలు, చక్రపు బేరింగులు వదులు లేకుండ చూడవలెను. వదులుగా నున్న భాగములకు ఎంత చక్కని కొలత పెట్టినను మొదటి గుంతలోనే అది చెడును. నాలుగు టైర్లును తగిన గాలితో, ఒక ఇరుసున నున్న రెండును ఒకే కొలత గలవిగా నుండవలెను. క్రొత్త స్ప్రింగులు కొంత సర్దుకొనును గనుక వెంటనే ఒకసారి అలైన్‌మెంటు చేయించి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపిన పిమ్మట మరల ఒకసారి చూపించుట మంచిది.

కొలతలు సరిచేయుటలో ఒక క్రమము కలదు. మొదట వెనుక చక్రములు. పిదప ముందు చక్రముల కాస్టరు. దాని తరువాత కాంబరు. అన్నిటికంటె చివర టో. ఈ క్రమమునకు కారణము స్పష్టము. వెనుక చక్రములు ఒక ప్రక్కకు చూచుచున్నచో కారు ఆ ప్రక్కకే నెట్టబడును. ముందు చక్రములను ఎంత సరిచేసినను స్టీరింగు వంకరగా పట్టుకొని నడుపవలసివచ్చును. కాంబరును మార్చినచో టో తప్పక మారును. కావున ముందే టో సరిచేసి పిదప కాంబరును ముట్టుకొన్నవాడు చేసిన పని చెరుపుకొన్నవాడే యగును. టో సరిచేయునపుడు స్టీరింగును నడిమికి తెచ్చి బిగించి, రెండు ప్రక్కల టై రాడ్లను తగినట్లుగా త్రిప్పవలెను.

ఇచట కారు యజమాని తప్పక తెలిసికొనవలసిన సంగతి యొకటి. మన చిన్నకార్లలో పెక్కింటికి నిర్మాత ఇచ్చిన సవరణ ముందు చక్రముల టో ఒక్కటియే. కాంబరునకును, కాస్టరునకును త్రిప్పదగిన మర ఉండదు. కాంబరు సరిచేయవలెనన్నచో స్ట్రట్టు క్రింది బోల్టునకు బదులు నడుము ఒక ప్రక్కకు ఉబ్బిన ప్రత్యేకపు బోల్టును వేయవలెను. లేదా పై కొన వద్ద జరుపదగిన పలకను అమర్పవలెను. ఆ బోల్టుతో సాధారణముగా ఒక డిగ్రీ, ఒకటిన్నర డిగ్రీ వరకు సవరణ లభించును. వెనుక చక్రములు రెండును కలిసియుండు వంగుడు ఇరుసు గల కార్లలో వాటి కాంబరు, టో దింపినందువలన ఎక్కువగా మారవు. మారినచో పలుచని ముక్కలు చక్రపు బిగింపు వద్ద పెట్టి సరిచేయుట తప్ప వేరు దారి లేదు. కనుక “అలైన్‌మెంటు అయినది” అని చెప్పి ఇచ్చిన కాగితముపై టో అంకెలు సరిగా నుండి, కాంబరు అంకెలు హద్దు దాటి యుండవచ్చును. పని చేయించినవారు రెండింటిని అడిగి చూచుకొనవలెను. కుడి ఎడమ చక్రముల కాంబరు, కాస్టరు సుమారు సమానముగా నున్నవో లేవో కూడ చూడవలెను. భేదము ఎక్కువైనచో బండి ఒక ప్రక్కకు లాగును.

కంప్యూటరు యంత్రము దగ్గర లేనివారికి దారముతో చూచుకొను పాత పద్ధతి కలదు. చదునైన నేలపై కారును నిలిపి, ముందు వెనుకల కొంచెము త్రోసి చక్రములను సర్దుకొననీయవలెను. కారు రెండు ప్రక్కలను, చక్రపు నడుమ ఎత్తున, ముందునుండి వెనుకకు రెండు దారములు బిగించి కట్టవలెను. ముందు ఇరుసు వద్ద కుడి ఎడమ చక్రముల నడిబొడ్డులు తమ తమ దారములకు సమాన దూరమున నుండవలెను. వెనుక ఇరుసు వద్దను అట్లే. రెండు దారముల నడుమ ఎడము కారు ముందును వెనుకను ఒక్కటిగా నుండవలెను. పిదప ప్రతి చక్రపు ఉక్కు అంచు ముందుకొన దారమునకెంత దూరమో, వెనుకకొన ఎంత దూరమో కొలువవలెను. ముందుకొన దూరము హెచ్చుగా నున్నచో టో-ఇన్, వెనుకకొన దూరము హెచ్చుగా నున్నచో టో-అవుట్. వచ్చిన అంకెను కారుతో వచ్చిన పుస్తకములోనో, సర్వీసు కేంద్రమునందో గల అంకెతో పోల్చుకొనవచ్చును.

కాంబరునకు గోడకట్టు మేస్త్రీ నిలువు చూచుకొను గుండుదారమే చాలును. చక్రము ఎదుట దారమును వ్రేలాడదీసి, ఉక్కు అంచు పైకొనకు, క్రిందికొనకు గల దూరములను కొలువవలెను. ఆ రెండు కొనల నడుమ ఎడము 380 మిల్లీమీటర్లైనచో, 6.6 మిల్లీమీటర్ల భేదము ఒక డిగ్రీ కాంబరునకు సమానము. ఈ పద్ధతులు యంత్రమునకు సాటిరావు. కాని దోషము కలదో లేదో చెప్పుటకు చాలును. టైరుపై అరచేయి ఆనించి అడ్డముగా నిమిరి చూచుట అంతకంటె సులభము. ఒక దిక్కునకు నున్నగా, ఎదురు దిక్కునకు రంపపు పండ్లవలె గరుకుగా తగిలినచో టో తప్పినదని గ్రహింపవలెను. గరుకు లేక లోపలి అంచు మాత్రమే నున్నగా అరిగినచో కాంబరును అనుమానింపవలెను. దింపిన కారులో లోపలి అంచే ముందుగా అరుగును. అది వెలుపల నిలిచి చూచువారికి కనిపించదు. వెలుపలి గాడులు క్రొత్తవాటివలె నుండగా, లోపలి అంచున దారపు పొరలు బయటపడిన టైరు వేసవి ఎండలో నిండు బరువుతో వేగముగా పోవుచు పగిలినచో కలుగు ప్రమాదమును వర్ణింప నక్కరలేదు. నెలకొకసారి చేయి లోపలికి పోనిచ్చి తడిమి చూచినవారికి ఈ భయముండదు.

అలైన్‌మెంటు వలన సరికాని దోషములును కలవు. స్ప్రింగును కోసి దింపుట వానిలో మొదటిది. ఆరు చుట్లు గల స్ప్రింగులో ఒక చుట్టును కోసినచో మిగిలినది ఐదవ వంతు గట్టిపడును. కాని పొడవు తగ్గినది గనుక చక్రము గుంతలోనికి వ్రేలాడినపుడు తన పీటనుండి వదులై జరుగవచ్చును. మంటతో కాల్చి కూర్చుండబెట్టిన స్ప్రింగునకు ఉక్కు పదునే పోవును. దింపవలెనన్న కోరిక విడువలేనివారు ఆ కారునకై తయారైన పొట్టి స్ప్రింగులను, వానికి తగిన షాక్ అబ్సార్బర్లను వేయించుకొనుట కొంత నయము. ఎత్తు మారిన కారునకు ముందు దీపముల చూపును మరల సరిచేయింపవలెను.

రెండవది దారి. మన దేశమున వేగ నిరోధకపు మిట్ట 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండవలెనని భారత రోడ్ల కాంగ్రెసు ప్రమాణము. ఊళ్లలో మిట్టలన్నియు ఈ కొలతకు లోబడియుండవని ప్రయాణము చేయువారందరకును తెలిసినదే. చిన్నకారు అడుగునకు, నేలకు నడుమ ఎడము 160, 170 మిల్లీమీటర్లనుకొన్నచో, నలుబది దింపిన పిదప మిగులునది 120, 130. నలుగురు ఎక్కి, సామాను పెట్టినపుడు అదియును తగ్గును. స్ప్రింగునకు దిగుటకు చోటు చాలక రబ్బరు దిమ్మెపై మోదుకొనును. ఆ దెబ్బ స్ట్రట్టుకు, బాహువునకు తగిలి, నిన్న సరిచేయించిన కోణము నేడు తప్పును. హైదరాబాదులోని చదునైన రోడ్డుపై ఏడాది నిలిచిన అమరిక పల్లె దారిలో నెల నిలువకపోవుటలో వింత లేదు.

మూడవది చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము, నిర్మాత నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ విభాగమును కఠినముగానే అన్వయించెను. ఆ సంవత్సరమే వచ్చిన సవరణ ప్రకారము, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. కనుక చేయించుటకు ముందే రవాణా కార్యాలయమున విచారించుకొనుట వివేకము.

పైన చెప్పినదాని సారమిది. కారు ఎత్తు ఒక అంకె కాదు. చక్రముల వాలు, త్రిప్పు, కదలిక అన్నియు దానితో ముడివడియున్నవి. కొంచెము దింపిన కారును సరిచేయవచ్చును: బుష్షులను సడలించి బిగించి, కాంబరునకు తగిన బోల్టు వేసి, చివరకు టో సరిచేసినచో టైరు చాలవరకు తన పూర్తి ఆయువును పొందును. బాహువులు పైకి తిరుగునంత దింపిన కారును ఏ యంత్రమును సరిచేయలేదు. ఇదివరకే దింపించుకొన్నవారు తొలగించిన అసలు స్ప్రింగులను పారవేయక దాచియుంచుకొనుట మంచిది. టైరు లోపలి అంచు అరుగుట ఆగకున్నచో, బంప్ స్టీరు వలన బండి తడబడుచున్నచో, వానిని మరల వేయించి, పాత ఎత్తున నాలుగు చక్రములకును అలైన్‌మెంటు చేయించుకొనుటయే తక్కువ ఖర్చుతో కూడిన చికిత్స.